సరంధ్ర అధిశోషకాలు

సరంధ్ర అధిశోషకాలు అనగా కంటికి కనబడనంత సన్నని రంధ్రాలను అసంఖ్యాకంగా కలిగి, ఆ రంధ్రాల గోడలపై ఇతర అణువులను పట్టి ఉంచగల ఘనపదార్థాలు. ఉత్తేజిత బొగ్గు, కొన్ని రకాల బంకమన్నులు, సిలికా జెల్, ఎముకలలో ఉండే హైడ్రాక్సీఅపటైట్ వంటి ఖనిజాలు, సముద్రపు నాచు నుండి తీసే అగరోజ్ గుళికలు ఈ కోవకు చెందుతాయి. వర్ణకాలు, ప్రోటీన్లు, న్యూక్లిక్ ఆమ్లాలు, శిలీంధ్ర విషాలు మొదలైన జైవిక అణువులను మిశ్రమాల నుండి వేరుచేయడానికి, శుద్ధి చేయడానికి, కొలవడానికి వీటిని ఉపయోగిస్తారు. వంటనూనెల శుద్ధి, టీకాల తయారీ, రోగనిర్ధారణ పరీక్షలు, ఆహార పరీక్షలు వీటిపై ఎంతగానో ఆధారపడి ఉన్నాయి.

ఏ పదార్థం ఏ అణువును పట్టుకుంటుంది అనేది ముఖ్యంగా రెండు విషయాలను బట్టి ఉంటుంది. రంధ్రం వెడల్పు అణువు పరిమాణానికి సరిపోవాలి. రంధ్రపు గోడ స్వభావం అణువు స్వభావానికి నప్పాలి. ఈ వ్యాసంలో మొదట ఆ సూత్రాలు, వాటి చరిత్ర, ముఖ్యమైన అధిశోషకాలు వివరించబడ్డాయి. తరువాత కర్నూలు, కడప ప్రాంతాల మెట్టభూములలో పండే వేరుశనగను ఉదాహరణగా తీసుకొని, అవి నూనె మిల్లులోను, పరీక్షాలయంలోను, పశువుల దాణాలోను పనిచేసే తీరు చూపబడింది.

అధిశోషణం, శోషణం

ఒక పదార్థపు అణువులు మరొక పదార్థపు ఉపరితలంపై మాత్రమే చేరి నిలవడాన్ని అధిశోషణం అంటారు. లోపలి భాగమంతటా సమానంగా వ్యాపిస్తే దానిని శోషణం అంటారు. ఉప్పు నీటిలో కరిగినప్పుడు నీరంతా ఉప్పగా అవుతుంది. ఇక్కడ ఉపరితలానికి ప్రత్యేకత లేదు. రంగునీటిలో ఉత్తేజిత బొగ్గుపొడి వేసి కలిపి వడకట్టినప్పుడు రంగు పోయిన నీరు దిగుతుంది. రంగు అణువులు బొగ్గు రేణువుల ఉపరితలానికి అంటుకొని వడపోత కాగితంపైనే ఉండిపోతాయి. ఇది అధిశోషణం. పట్టి ఉంచే ఘనపదార్థాన్ని అధిశోషకమని, పట్టుబడిన పదార్థాన్ని అధిశోషితమని వ్యవహరిస్తారు.

పట్టుబడిన అణువులను తిరిగి విడిపించడాన్ని విశోషణం అంటారు. జైవిక అణువుల వేర్పాటులో విశోషణం కూడా అధిశోషణమంత ముఖ్యమైనది. మందుగా వాడవలసిన ప్రోటీనును పట్టుకొని వదలకుండా ఉంచే పదార్థం వలన ఉపయోగం లేదు. పట్టుకోవాలి, మలినాలను కడిగివేయనివ్వాలి, ఆ తరువాత ద్రావణం మార్చగానే ప్రోటీనును చెడకుండా వదిలిపెట్టాలి. విషాన్ని తొలగించవలసిన చోట మాత్రం ఇందుకు విరుద్ధంగా, ఎంత గట్టిగా పట్టుకుంటే అంత మంచిది.

రంధ్రాలు, ఉపరితల వైశాల్యం

అధిశోషణం ఉపరితలంపై జరుగుతుంది కాబట్టి ఉపరితల వైశాల్యం పెరిగిన కొద్దీ పట్టే సామర్థ్యం పెరుగుతుంది. భుజం 1 సెంటీమీటరు గల ఘనం యొక్క ఉపరితల వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లు. అదే ఘనాన్ని భుజం 1 మైక్రోమీటరు గల చిన్న ఘనాలుగా కోస్తే లక్ష కోట్ల ముక్కలు వస్తాయి. వాటి మొత్తం వైశాల్యం 6 చదరపు మీటర్లు. అనగా పదివేల రెట్లు పెరుగుతుంది. నలగగొట్టడం వలన ఇంతకంటె ఎక్కువ సాధించడం కష్టం. కాని ప్రతి ముక్కలోను నానోమీటర్ల వెడల్పు గల రంధ్రాలు ఉంటే వైశాల్యం వందల రెట్లు పెరుగుతుంది. (ఒక నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలవ వంతు.) మంచి ఉత్తేజిత బొగ్గు ఒక గ్రాములో 500 నుండి 1500 చదరపు మీటర్ల వరకు ఉపరితలం ఉంటుంది. సిలికా జెల్‌కు ఇది సాధారణంగా 300 నుండి 800 చదరపు మీటర్లు.

కడప, కర్నూలు ప్రాంతాలలో ఇళ్ళకు పరిచే నాపరాళ్ళు ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి మంచి ఉదాహరణ. కడప బండ, బేతంచెర్ల బండ అని పేరుపొందిన ఈ రాళ్ళలో అధికభాగం సున్నపురాయి, అనగా కాల్షియం కార్బొనేట్. తొలి క్రొమటోగ్రఫీ ప్రయోగాలలో ఆకుల రంగులను వేరుచేసిన పొడి కూడా కాల్షియం కార్బొనేటే. అయినను నాపరాయి మీద ఒలికిన రంగునీటిని తుడిచివేయవచ్చు. కోట్ల సంవత్సరాల పాటు భూమిలో ఒత్తిడికి గురై గట్టిపడిన ఈ రాతిలో ఖాళీ స్థలం బహు తక్కువ. మెత్తని పొడిగా గొట్టంలో కూరినప్పుడు అదే రసాయన పదార్థం రంగులను పట్టుకుంటుంది. పదార్థపు రసాయన నామం ఒక్కటే చాలదని, దాని ఉపరితలం ఎంత తెరచి ఉన్నదనేది కూడా ముఖ్యమని దీనివలన తెలుస్తుంది.

రంధ్రాల పరిమాణాలు

అంతర్జాతీయ రసాయన శాస్త్ర సమాఖ్య రంధ్రాలను వెడల్పును బట్టి మూడు తరగతులుగా విభజించింది.

సూక్ష్మ రంధ్రాలు: 2 నానోమీటర్ల కంటె తక్కువ.
మధ్య రంధ్రాలు: 2 నుండి 50 నానోమీటర్లు.
స్థూల రంధ్రాలు: 50 నానోమీటర్ల కంటె ఎక్కువ.

జైవిక అణువుల పరిమాణాలను ఈ కొలతలతో పోల్చి చూడాలి. గ్లూకోజు అణువు ఒక నానోమీటరు కంటె చిన్నది. అఫ్లాటాక్సిన్ అనే శిలీంధ్ర విషం దాదాపు ఒక నానోమీటరు. కోడిగుడ్డు తెల్లసొనలోని లైసోజైమ్ అనే ప్రోటీను 3 నుండి 4.5 నానోమీటర్లు. రక్తంలోని హిమోగ్లోబిన్ సుమారు 6 నానోమీటర్లు. రోగనిరోధక ప్రతిరక్షకాలు 10 నానోమీటర్లకు పైబడి ఉంటాయి. హెపటైటిస్-బి టీకాలో వాడే ఉపరితల ప్రతిజనకపు కణాలు సుమారు 22 నానోమీటర్లు.

ఈ కారణంగానే చిన్న అణువులకు పనికివచ్చే సూక్ష్మరంధ్ర పదార్థాలు ప్రోటీన్ల విషయంలో నిరుపయోగం కావచ్చు. గ్రాముకు వెయ్యి చదరపు మీటర్ల వైశాల్యం ఉన్నా, అది ప్రోటీను ప్రవేశించలేని రంధ్రాలలో ఉంటే లేనట్లే లెక్క. రంధ్రం ప్రోటీను కంటె కొంచెం పెద్దదైతే సరిపోదు; లోపలికి, వెలుపలికి తగినంత వేగంగా కదలడానికి అణువు పరిమాణానికి అనేక రెట్లు వెడల్పు ఉండడం మేలు. అలాగని రంధ్రాలను మరీ పెద్దవి చేస్తే మొత్తం ఉపరితల వైశాల్యం తగ్గిపోతుంది. ఈ రెండింటి మధ్య సమతూకం కుదుర్చుకోవడమే అధిశోషకాన్ని ఎంపిక చేయడంలోని ప్రధాన సమస్య.

పట్టి ఉంచే బలాలు

విద్యుదావేశం: ప్రోటీన్లలో ధన, రుణ ఆవేశాలు రెండూ ఉంటాయి. ద్రావణపు ఆమ్లత్వాన్ని బట్టి వాటి నికర ఆవేశం మారుతుంది. నికర ఆవేశం సున్నా అయ్యే పీహెచ్‌ను ఆ ప్రోటీను యొక్క సమవిద్యుత్ బిందువు అంటారు. లైసోజైమ్‌కు ఇది సుమారు 11. కాబట్టి పీహెచ్ 7 వద్ద దానికి ధనావేశం ఉండి, రుణావేశం గల సిలికాకు అంటుకుంటుంది. రక్తంలోని అల్బుమిన్ సమవిద్యుత్ బిందువు 5 కంటె తక్కువ. అదే పీహెచ్ వద్ద దానికి రుణావేశం ఉండడం వలన సిలికాకు అంతగా అంటుకోదు. ఈ ఒక్క తేడాతోనే రెండింటినీ వేరుచేయవచ్చు. ఉప్పు గాఢతను పెంచితే ఈ ఆకర్షణ బలహీనపడి ప్రోటీను విడిపోతుంది.

జలవికర్షణ: నూనె వంటి స్వభావం గల అణుభాగాలు నీటికి దూరంగా ఉండడానికి మొగ్గు చూపి, బొగ్గు వంటి ఉపరితలాలపై చేరతాయి. 

హైడ్రోజన్ బంధాలు, లోహ అయాన్లతో బంధాలు: బంకమన్ను పొరల మధ్య ఉండే కాల్షియం అయాను, హైడ్రాక్సీఅపటైట్ లోని కాల్షియం ఈ రీతిగా కొన్ని అణువులను ఆకర్షిస్తాయి.

జైవిక పరిచయం: ప్రతిరక్షకం తన ప్రతిజనకాన్ని, ఎంజైమ్ తన అధస్తరాన్ని గుర్తించినట్లు, రంధ్రపు గోడకు ముందుగా అతికించిన ఒక అణువు తనకు సరిపడే అణువును మాత్రమే పట్టుకుంటుంది. దీని మీద ఆధారపడిన పద్ధతిని అఫినిటీ క్రొమటోగ్రఫీ అంటారు. తాళంచెవి తన తాళానికే సరిపోవడం వంటిదిది.

చరిత్ర

బొగ్గు వాయువులను పీల్చుకుంటుందని 1773లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు షీలే గమనించాడు. బొగ్గు ద్రావణాల రంగును తొలగిస్తుందని 1785లో రష్యాలో లోవిట్జ్ కనుగొన్నాడు. అధిశోషణాన్ని సూచించే 'అడ్‌సార్ప్షన్' అనే పదాన్ని 1881లో జర్మన్ శాస్త్రజ్ఞుడు హైన్రిక్ కైజర్ ప్రవేశపెట్టాడు.

జైవిక అణువుల వేర్పాటుకు ఆద్యుడు రష్యన్ వృక్షశాస్త్రజ్ఞుడు మిఖాయిల్ స్వెట్ (1872-1919). కాల్షియం కార్బొనేట్ పొడి కూరిన గాజుగొట్టం పైభాగాన ఆకుల సారాన్ని పోసి, దానిపై ద్రావణిని పోస్తూ ఉంటే, ఆకుపచ్చ, పసుపు వర్ణకాలు వేరువేరు పట్టీలుగా విడిపోయాయి. గట్టిగా అంటుకునే వర్ణకాలు పైన నిలిచిపోగా, అంతగా అంటుకోనివి క్రిందికి వేగంగా ప్రయాణించాయి. 1903లో వార్సాలో ఈ పనిని వివరించిన స్వెట్, 1906లో ఈ పద్ధతికి క్రొమటోగ్రఫీ అని పేరు పెట్టాడు.

ఉపరితలంపై ఒకే పొరగా అణువులు చేరే తీరుకు ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ 1910ల చివరి సంవత్సరాలలో గణిత సూత్రం ఇచ్చాడు. 1938లో బ్రునావర్, ఎమ్మెట్, టెల్లర్ దానిని అనేక పొరలకు విస్తరించారు. నేటికీ పొడుల ఉపరితల వైశాల్యాన్ని వీరి పద్ధతిలో, నైట్రోజన్ వాయువు అధిశోషణం ద్వారా కొలుస్తారు. ఎలక్ట్రోఫొరెసిస్, అధిశోషణ విశ్లేషణలపై చేసిన కృషికి స్వీడన్‌కు చెందిన ఆర్నే టిసేలియస్‌కు 1948లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఆయన, సహచరులు 1956లో హైడ్రాక్సీఅపటైట్‌తో ప్రోటీన్లను వేరుచేసే పద్ధతిని ప్రచురించారు. 1959లో పొరాత్, ఫ్లోడిన్ డెక్‌స్ట్రాన్ అనే పిండిపదార్థపు గుళికలతో అణువులను పరిమాణాన్ని బట్టి వేరుచేయవచ్చని చూపారు. 1968లో క్వాట్రెకసాస్, విల్చెక్, అన్ఫిన్సెన్ అఫినిటీ క్రొమటోగ్రఫీని రూపొందించారు. 1992లో మొబిల్ సంస్థ శాస్త్రజ్ఞులు తేనెపట్టు గదుల వలె క్రమబద్ధమైన రంధ్రాలు గల ఎంసీఎం-41 అనే సిలికాను, 1998లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా శాస్త్రజ్ఞులు అంతకంటె పెద్ద రంధ్రాలు గల ఎస్‌బీఏ-15ను ప్రకటించారు.

ముఖ్యమైన అధిశోషకాలు

ఉత్తేజిత బొగ్గు: కొబ్బరి చిప్పలు, కలప, రాక్షసిబొగ్గు వంటి కర్బన పదార్థాలను గాలి తగలకుండా కాల్చి, ఆపైన నీటి ఆవిరితో గాని రసాయనాలతో గాని ఉత్తేజపరచి తయారుచేస్తారు. వేరుశనగ పొట్టు నుండి కూడా దీనిని తయారుచేయవచ్చు. ఎక్కువ భాగం సూక్ష్మ రంధ్రాలు కాబట్టి రంగులు, వాసనలు, చిన్న విషాణువులను పట్టడంలో దీనికి సాటి లేదు. కాని ఇది మంచిచెడులను ఎంచక అనేక పదార్థాలను పట్టుకుంటుంది.

బంకమన్నులు: మాంట్‌మొరిల్లొనైట్ అనే ఖనిజం ఒక నానోమీటరు మందం గల పలకలు ఒకదానిపై ఒకటి పేర్చినట్లు ఉంటుంది. పలకల మధ్య నీరు, కాల్షియం లేక సోడియం అయాన్లు ఉంటాయి. పుస్తకం పేజీల మధ్య కాగితం దూర్చినట్లు చిన్నని చదునైన అణువులు ఈ పలకల మధ్యకు ప్రవేశించగలవు. ఈ ఖనిజం ప్రధానంగా గల మన్నును బెంటొనైట్ అంటారు. మనదేశంలో గుజరాత్‌లోని కచ్, రాజస్థాన్‌లోని బార్మేర్ ప్రాంతాలు దీనికి ప్రసిద్ధి. ముల్తానీ మట్టి కూడా అధిశోషక గుణం గల మన్నే.

సిలికా జెల్, మధ్యరంధ్ర సిలికాలు: సిలికా జెల్‌లో రంధ్రాలు క్రమం లేకుండా ఉంటాయి. ఎంసీఎం-41, ఎస్‌బీఏ-15 తయారీలో సబ్బు వంటి అణువులు, లేక పొడవైన పాలిమర్ అణువులు నీటిలో కడ్డీల వలె గుమికూడతాయి. వాటి చుట్టూ సిలికా గట్టిపడిన తరువాత కాల్చివేస్తే కడ్డీలున్న చోట రంధ్రాలు మిగులుతాయి. ఎంసీఎం-41 రంధ్రాలు సాధారణంగా 2 నుండి 4 నానోమీటర్లు కావడం వలన అనేక ప్రోటీన్లకు ఇరుకు. ఎస్‌బీఏ-15 రంధ్రాలు ఎక్కువగా 5 నుండి 10 నానోమీటర్లు. లైసోజైమ్, సైటోక్రోమ్-సి వంటి చిన్న ప్రోటీన్లు వీటిలో ఇముడుతాయి.

అగరోజ్, డెక్‌స్ట్రాన్ గుళికలు: ఇవి నీటిని నింపుకొన్న మెత్తని వలల వంటివి. ప్రోటీన్లకు హాని చేయవు. వీటికి ఆవేశం గల సమూహాలను గాని, ప్రతిరక్షకాలను గాని అతికించవచ్చు. ఏమీ అతికించకపోతే పరిమాణం ప్రకారం వేరుచేస్తాయి. అప్పుడు పెద్ద అణువులు రంధ్రాలలోకి పోలేక ముందుగా బయటకు వస్తాయి, చిన్నవి రంధ్రాలన్నీ తిరిగి ఆలస్యంగా వస్తాయి. ఇది నిజానికి అధిశోషణం కాదు. రంధ్రం ఒక్కటే చేసే వేర్పాటు.

రాయలసీమ వేరుశనగ: ఒక ఉదాహరణ

కర్నూలు, కడప ప్రాంతాలలో సగటు వార్షిక వర్షపాతం 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. పొరుగున ఉన్న అనంతపురంలో ఇంకా తక్కువ. ఈ ప్రాంతపు ఎర్రనేలలలో వర్షాధారంగా పండే ప్రధాన పంటలలో వేరుశనగ ఒకటి. స్థానికంగా దీనిని బుడ్డలు, శెనక్కాయలు అంటారు. నూనె మనుషులకు, చెక్క, కట్టె పశువులకు ఉపయోగపడతాయి. ఈ ఒక్క పంటలోనే సరంధ్ర పదార్థాల ఉపయోగాలు అనేకం చూడవచ్చు.

నూనె శుద్ధి

గింజల నుండి పిండిన ముడినూనెలో కెరొటినాయిడ్లు, క్లోరోఫిల్, జిగురు పదార్థాలు, స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు ఉంటాయి. శుద్ధి కర్మాగారంలో జిగురును, ఆమ్లాలను తొలగించిన తరువాత వర్ణహరణం జరుపుతారు. ఆమ్లంతో ఉత్తేజపరచిన బెంటొనైట్‌ను నూనె బరువులో సుమారు 0.5 నుండి 2 శాతం కలిపి, 90 నుండి 110 డిగ్రీల సెల్సియస్ వద్ద, గాలి తగలకుండా శూన్యంలో కలియబెడతారు. ఆమ్లం మన్నులోని అల్యూమినియం, మెగ్నీషియంలను కొంతవరకు కరిగించి రంధ్రాలను వెడల్పు చేస్తుంది. వర్ణకాలు, మిగిలిన సబ్బు, జిగురు మన్నుకు అంటుకుంటాయి. మన్నును వడకట్టగా లేతరంగు నూనె వస్తుంది.

అఫ్లాటాక్సిన్ సమస్య

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్ళు అంతుచిక్కని వ్యాధితో చనిపోయాయి. వాటి మేతలోని బ్రెజిల్ వేరుశనగ పిండిలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు విడుదల చేసిన విషం ఉన్నట్లు తేలింది. ఆ బూజు పేరు మీదనే దానికి అఫ్లాటాక్సిన్ అని పేరు వచ్చింది. అతినీలలోహిత కాంతిలో నీలంగా మెరిసేవాటిని బి అని, ఆకుపచ్చగా మెరిసేవాటిని జి అని వర్గీకరించారు. వీటిలో బి1 అత్యంత ప్రమాదకరమైనది. అఫ్లాటాక్సిన్లను అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ మనుషులలో కాన్సరు కలిగించే ఒకటవ వర్గపు పదార్థాలలో చేర్చింది. ఇవి ముఖ్యంగా కాలేయాన్ని దెబ్బతీస్తాయి. హెపటైటిస్-బి సోకినవారిలో కాలేయ కాన్సరు ముప్పు మరింత హెచ్చుతుంది. 1974లో రాజస్థాన్, గుజరాత్ లలోని గిరిజన గ్రామాలలో బూజుపట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా మరణించారు. ఆ సంఘటనపై హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు పరిశోధన జరిపి 1975లో ప్రచురించారు.

వర్షాభావ ప్రాంతాలకు ఈ సమస్యతో దగ్గరి సంబంధం ఉంది. పంట చివరిదశలో, కాయ ముదిరే సమయంలో బెట్ట ఏర్పడితే నేల వేడెక్కుతుంది. గింజలో నీరు తగ్గి, బూజును ఎదుర్కొనే సహజ రసాయనాలను తయారుచేసే శక్తి సన్నగిల్లుతుంది. కాయ పగుళ్ళ ద్వారా, చెదలు తొలిచిన రంధ్రాల ద్వారా బూజు లోపలికి ప్రవేశిస్తుంది. కోత తరువాత వాన తగిలినా, సరిగా ఆరని కాయలను గోనెసంచులకు ఎత్తినా అది వ్యాపిస్తుంది. అనగా కరవు, అకాల వర్షం రెండూ హాని చేస్తాయి. వేయించడం, వండడం వలన ఈ విషం పూర్తిగా నశించదు.

గింజలను పిండినప్పుడు అఫ్లాటాక్సిన్‌లో అధికభాగం చెక్కలోనే మిగులుతుంది. ముడినూనెలోకి కొంత భాగం మాత్రమే వస్తుంది. అది కూడా క్షారశుద్ధి, మన్నుతో వర్ణహరణం వలన దాదాపు తొలగిపోతుంది. గానుగలో తీసి అలాగే వాడే నూనెకు ఈ రెండు దశలు ఉండవు. కాబట్టి గానుగ నూనె విషయంలో ముక్కిన, బూజుపట్టిన, ముడుచుకుపోయిన గింజలను ముందుగానే ఏరివేయడం మరింత అవసరం.

పరీక్ష

యూరోపియన్ యూనియన్‌లో నేరుగా తినే వేరుశనగలో మొత్తం అఫ్లాటాక్సిన్ల పరిమితి కిలోకు 4 మైక్రోగ్రాములు. తిరిగి శుద్ధిచేయవలసిన వేరుశనగకు అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంఘమైన కోడెక్స్ నిర్ణయించిన పరిమితి 15 మైక్రోగ్రాములు. కిలో గింజలలో గ్రాములో లక్షల వంతుల విషాన్ని కొలవాలంటే మొదట దానిని నూనె, ప్రోటీను, రంగుల నుండి విడదీయాలి. ఇక్కడ ప్రతిరక్షకాలు అతికించిన అగరోజ్ గుళికల గొట్టం ఉపయోగపడుతుంది. గింజలను నూరి మిథనాల్, నీరు కలిపిన ద్రవంతో సారం తీస్తారు. దానిని పలుచన చేసి గొట్టం గుండా పంపితే అఫ్లాటాక్సిన్ మాత్రమే ప్రతిరక్షకాలకు చిక్కుకుంటుంది. నీటితో కడిగి, శుద్ధ మిథనాల్ పోయగానే విషం విడిపోయి వస్తుంది. దాని మెరుపును కొలిచి పరిమాణం లెక్కిస్తారు.

1972లో పటాన్‌చెరువులో నెలకొల్పబడిన ఇక్రిశాట్ సంస్థ ప్రతిరక్షకాలపై ఆధారపడిన ఎలీసా పద్ధతిలో తక్కువ ఖర్చుతో అఫ్లాటాక్సిన్‌ను కొలిచే పరీక్షను అభివృద్ధి చేసింది. అనంతపురం జిల్లా రైతుల పొలాలలో అఫ్లాటాక్సిన్ నివారణపై పరిశోధనలు కూడా జరిపింది.

పరీక్ష ఎంత నిశితమైనదైనా నమూనా సరిగా లేకపోతే ఫలితం తప్పుతుంది. ఒక బస్తాలోని వేల గింజలలో కొద్ది గింజలలోనే విషం గుమిగూడి ఉండవచ్చు. పిడికెడు గింజలు తీసి పరీక్షిస్తే అవి తప్పిపోవచ్చు. అందువలన అనేక చోట్ల నుండి ఎక్కువ పరిమాణంలో తీసి, కలిపి నూరి, అందులోనుండి నమూనా తీసుకుంటారు.

పశువుల దాణాలో బంకమన్ను

కలుషితమైన చెక్క తిన్న ఆవులు, గేదెల శరీరంలో బి1 విషం ఎం1గా మారి పాలలోకి చేరుతుంది. భారతదేశంలో పాలలో ఎం1 పరిమితి కిలోకు 0.5 మైక్రోగ్రాము. బూజుపట్టిన చెక్కను పశువుకు వేస్తే నష్టం పశువుతో ఆగదు. పాలు తాగే పిల్లలకు చేరుతుంది.

అమెరికాలోని టెక్సాస్ శాస్త్రజ్ఞులు 1988లో ఒక విషయం ప్రకటించారు. కాల్షియం మాంట్‌మొరిల్లొనైట్ కోవకు చెందిన మన్నును కోళ్ళ మేతలో 0.5 శాతం కలిపితే అఫ్లాటాక్సిన్ దుష్ఫలితాలు గణనీయంగా తగ్గాయి. పాడిపశువులకు పెట్టినప్పుడు పాలలో ఎం1 తగ్గుతుందని తరువాత తేలింది. అఫ్లాటాక్సిన్ అణువు చదునుగా ఉండడం వలన జీర్ణనాళంలో మన్ను పలకల మధ్యకు జారుతుంది. దానిలోని రెండు ఆక్సిజన్ సమూహాలు పలకల మధ్య కాల్షియంతో కూడి గట్టిగా నిలుస్తాయి. ఆ విధంగా విషం రక్తంలోకి చేరక పేడలో బయటకు పోతుంది. చదునుగా లేని ఇతర బూజువిషాలను ఇదే మన్ను అంత బాగా పట్టుకోలేదు. పరిమాణం, ఆకారం, గోడ స్వభావం మూడూ కలిసినప్పుడే అధిశోషణం ఫలిస్తుందనడానికి ఇది చక్కని నిదర్శనం.

ఏ మన్ను పడితే ఆ మన్ను ఇందుకు పనికిరాదు. భారలోహాలు, ఇతర విషాలు లేవని పరీక్షించి శుద్ధిచేసిన మన్నునే దాణాలో వాడాలి.

వేరుశనగ లెక్టిన్

వేరుశనగ గింజలో చక్కెరలను గుర్తించి పట్టుకొనే లెక్టిన్ అనే ప్రోటీను ఉంది. నాలుగు సమాన భాగాలు గల దీని అణుభారం సుమారు 1,10,000. ఇది గాలక్టోజు గల చక్కెరలకు అంటుకుంటుంది కాబట్టి, గాలక్టోజు అమరిన సరంధ్ర గుళికలపై గింజల సారాన్ని పోస్తే లెక్టిన్ ఒక్కటే నిలుస్తుంది. గాలక్టోజు ద్రావణం పోసినప్పుడు గుళికలను వదలి వస్తుంది. గోరుచిక్కుడు గింజల జిగురులో గాలక్టోజు సమృద్ధిగా ఉండడం వలన ఆ జిగురును గట్టిపరచి చేసిన గుళికలను కూడా ఇటువంటి లెక్టిన్ల శుద్ధికి వాడతారు. ఈ లెక్టిన్ యొక్క త్రిమితీయ నిర్మాణాన్ని బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఎం. విజయన్, ఎ. సురోలియా, వారి సహచరులు నిర్ధారించి 1994లో ప్రచురించారు.

వైద్యరంగంలో

న్యూక్లిక్ ఆమ్లాలకు, సిలికాకు రెండింటికీ రుణావేశం ఉన్నందున సాధారణంగా అవి వికర్షించుకోవాలి. కాని గ్వానిడీనియం లవణాలు ఎక్కువగా ఉన్న ద్రావణంలో డీఎన్ఏ, ఆర్ఎన్ఏలు సిలికాకు అంటుకుంటాయి. ఆల్కహాలు కలిపిన ద్రవంతో మలినాలను కడిగి, లవణం లేని నీరు పోయగానే విడిపోతాయి. 1990లో నెదర్లాండ్స్‌కు చెందిన బూమ్, సహచరులు వివరించిన ఈ పద్ధతి అనేక పరీక్షలకు మూలమైనది. 2020లో కోవిడ్ వ్యాధి వ్యాపించినప్పుడు ఆర్టీ-పీసీఆర్ పరీక్షలకు ముందు గొంతు, ముక్కు నమూనాల నుండి వైరస్ ఆర్ఎన్ఏను వేరుచేయడానికి విరివిగా వాడిన సిలికా పొరలు, సిలికా పూతగల అయస్కాంత గుళికలు ఈ సూత్రం మీద పనిచేసేవే.

అఫ్లాటాక్సిన్‌తో జతకూడి కాలేయానికి ముప్పు తెచ్చే హెపటైటిస్-బికి టీకా ఉంది. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో షాన్‌వాక్-బి పేరుతో ఈ టీకాను విడుదల చేసింది. జన్యుమార్పిడి పద్ధతిలో భారతదేశంలో అభివృద్ధి చేసిన మొదటి టీకా ఇదే. ఇటువంటి టీకాల తయారీలో ఈస్టు కణాలు ఉత్పత్తి చేసిన ప్రతిజనకపు కణాలను ఇతర ప్రోటీన్ల నుండి వేరుచేయాలి. 22 నానోమీటర్ల కణాలు మామూలు గుళికల రంధ్రాలలోకి చేరలేక బయటి ఉపరితలానికే పరిమితమవుతాయి. అందుచేత వీటికి బాగా వెడల్పైన రంధ్రాలు గల పదార్థాలు అవసరం. శుద్ధి అయిన ప్రతిజనకాన్ని చివరకు అల్యూమినియం హైడ్రాక్సైడ్ జెల్‌పై అధిశోషింపజేసి టీకాగా ఇస్తారు.

పరిమితులు

అధిశోషకానికి హద్దు ఉంటుంది. ఉపరితలం నిండిన తరువాత ఎంత విషం వచ్చినా పట్టుకోలేదు. ప్రోటీన్లు, కొవ్వులు రంధ్రాల ముఖద్వారాలను మూసివేసినప్పుడు సామర్థ్యం తగ్గుతుంది. రేణువులు పెద్దవైతే అణువులు లోపలికి చేరడానికి ఆలస్యమవుతుంది. మరీ చిన్నవైతే గొట్టంలో ద్రవం కదలడానికి అధిక ఒత్తిడి కావాలి. కొన్ని ప్రోటీన్లు ఉపరితలానికి అంటుకున్నప్పుడు ఆకారం మారి పనిచేయడం మానివేస్తాయి. వాడిన మన్నును, గుళికలను ఏమిచేయాలనేది మరొక సమస్య. నూనె పీల్చిన మన్ను గాలి తగిలి వేడెక్కి తనంతట తానే మండే అవకాశం కూడా ఉంది.

అఫ్లాటాక్సిన్ విషయంలో దాణాలో కలిపే మన్ను చివరి రక్షణ మాత్రమే. అది చెక్కలో ఉన్న విషాన్ని నాశనం చేయదు, పూర్తిగా పట్టనూ లేదు. కాయ ముదిరే దశలో అవకాశం ఉంటే ఒక తడి ఇవ్వడం, సకాలంలో పంట పీకడం, పీకేటప్పుడు కాయలు దెబ్బతినకుండా చూడడం, గింజలో తేమ 8 శాతం లోపుకు వచ్చేవరకు ఆరబెట్టడం, పగిలిన, బూజుపట్టిన కాయలను ఏరివేయడం, తేమ తగలని చోట నిల్వచేయడం ముందుగా చేయవలసిన పనులు. ఏరివేసిన కాయలను పశువులకు వేయకూడదు, నూనెకు పంపకూడదు.